ఐదు వందల లోపు క్లోజప్ సరంజామా: చీపురుపల్లి మాస్టారికి జవాబు

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ: చీపురుపల్లి దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతారు. చేతిలో ఒక ఫోను, సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. పిల్లలకు చూపించడానికి పురుగులు, పూల భాగాలు, ఆకు ఈనెలు తీస్తుంటే చాలావరకు అలుక్కుపోతున్నాయి. ట్రైపాడ్ కొన్నా తేడా రాలేదు. ఐదు వందల లోపు ఇంట్లో చేసుకోగలిగేవి ఏమైనా ఉన్నాయా అని.

ఉన్నాయి. మీ ప్రశ్న కింద జవాబిచ్చిన చాలామంది ఇంకా గట్టి ట్రైపాడ్ కొనమన్నారు. నేను ఆ మాట చెప్పను. ట్రైపాడ్ పనికిరాదని కాదు గాని, మీ జబ్బులో సగానికి అది మందు కాదు.

దూరంగా ఉన్న కొండను తీస్తున్నాం అనుకోండి. కెమెరా ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా కొండకు లెక్కే లేదు, ఎటైనా వంగితేనే బొమ్మ చెదురుతుంది. దగ్గరకు వెళ్లేసరికి ఇది తిరగబడుతుంది. వస్తువు ఎంత ఉందో సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద బొమ్మ కూడా అంతే పడితే దాన్ని 1:1 అంటారు. అక్కడ మీ చెయ్యి ఒక మిల్లీమీటరు జరిగితే బొమ్మ కూడా సెన్సర్ మీద మిల్లీమీటరు జరుగుతుంది. మామూలు 24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 0.004 మిల్లీమీటర్లు, అంటే ఆ జరుగుడు 250 పిక్సెళ్లు. లెన్సుల్లో ఉండే స్టెబిలైజర్ వంగడాన్ని సరిదిద్దడానికి చేసింది, ఈ పక్క జరుగుడును అది పెద్దగా పట్టుకోలేదు. కేనన్ 2009లో తెచ్చిన 100 ఎంఎం మాక్రో (దగ్గరి ఫొటోలకు చేసిన) లెన్సులో రెండిటినీ సరిచేసే ఏర్పాటు పెట్టింది. అందులో కూడా కంపెనీ చెప్పుకున్న లాభం మామూలు దూరంలో నాలుగు స్టాపులైతే (ఒక్కో స్టాపుకు షట్టర్ రెట్టింపు సేపు తెరిచి ఉంచవచ్చు), 1:1 దగ్గర రెండే.

దీనికి తోడు లోతు. 1:1లో ఎఫ్/8 పెట్టినా (లెన్సు లోపలి రంధ్రం సైజు చెప్పే అంకె, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) మీ కెమెరా సైజు సెన్సర్‌కు స్పష్టంగా వచ్చే లోతు ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. మీ 18-55 ఒక్కటే వాడితే బొమ్మ అసలు సైజులో సుమారు మూడో వంతు పడుతుంది, అప్పుడు లోతు నాలుగు మిల్లీమీటర్ల దాకా దొరుకుతుంది. మనిషి ఊపిరి పీల్చి వదిలితేనే అంతకంటే ఎక్కువ ముందుకీ వెనక్కీ ఊగుతాడు. కాబట్టి కెమెరాను కదలకుండా బిగించడం కన్నా, కెమెరాకూ పువ్వుకూ మధ్య దూరం మారకుండా చూసుకోవడం మీద ఖర్చు పెట్టండి. రెండూ కలిసి ఊగినా ఫర్వాలేదు, విడివిడిగా ఊగకూడదు. కింద నేను చెప్పేవన్నీ దాదాపు ఈ లెక్క మీదే నడుస్తాయి.

ముందు మీ తేడా ఎక్కడుందో తేల్చుకోండి, రూపాయి ఖర్చు లేదు. పిల్లల స్కేలు ఒకటి తీసుకుని బల్ల మీద పుస్తకాలకు ఆనించి ఏటవాలుగా పెట్టండి. 4 సెంటీమీటర్ల గీత మీద ఫోకస్ చేసి, మీరు రోజూ తీసేటట్టే చేత్తో పట్టుకుని వరసగా కొన్ని ఫొటోలు తీయండి. కంప్యూటర్లో పెద్దవి చేసి చూడండి. స్పష్టంగా ఉన్న గీతలు 4 దగ్గర కాకుండా ఒకసారి 3.7 దగ్గర, ఒకసారి 4.4 దగ్గర కనిపిస్తే మీరు ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. ఎక్కడా స్పష్టత లేక ప్రతి గీతా ఒకే వైపుకు సాగినట్టు, జంటగా కనిపిస్తే అది చేతి వణుకు. స్కేలు బాగానే వచ్చి తోటలో పువ్వు మాత్రమే చెదిరిపోతుంటే గాలి. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లలో నేను ఎక్కువగా చూసేది మొదటి రకం. మీకు ట్రైపాడ్ మీద కూడా తేడా రాలేదన్నారు కాబట్టి గాలి వాటా కూడా ఉన్నట్టే.

ఊగుడుకు మందు దూరపు పుల్ల. పేరు నేను పెట్టుకున్నదే. ఫోనుకు చాలా సులువు. ఫోను ముందు తగిలించే క్లిప్పు మాక్రో లెన్సు ఆన్‌లైన్లో వంద, రెండు వందలకు దొరుకుతుంది. అది తగిలించి, పేపరు మీద ఫోనును మెల్లగా పైకీ కిందకీ జరుపుతూ అక్షరాలు స్పష్టంగా వచ్చే ఎత్తు చూడండి. లెన్సు అంచు నుంచి పేపరు దాకా స్కేలుతో కొలవండి, సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు పల్చటి తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఏదైనా, మాత్రలదైనా సరే, సరిగ్గా అంత ఎత్తుకు కోసి, అడుగు తీసేసి, లెన్సు చుట్టూ తొడగండి. ఆకు మీదో, గుడ్డ మీదో, చెట్టు బెరడు మీదో ఆ డబ్బాను ఆనించి నొక్కడమే. చెయ్యి వణికినా ఫోనూ ఆకూ కలిసే వణుకుతాయి. డబ్బా తెల్లది కావడం వల్ల ఎండ నేరుగా పడకుండా వెలుతురు మెత్తబడుతుంది కూడా. కోసిన అంచును ఉప్పు కాగితం మీద రుద్ది సమం చేయండి, లేకపోతే బొమ్మలో ఒక మూల స్పష్టంగా, ఇంకో మూల మసగ్గా వస్తుంది. పిల్లల చేత చేయించడానికి నా ఓటు దీనికే.

కెమెరాకు ఇదే పని పాత గొడుగు ఊచతో చేయండి. ఒక అంగుళం వెడల్పు అల్యూమినియం పట్టీ ముక్క తీసుకుని, ఒక చివర రంధ్రం చేసి కెమెరా అడుగున బోల్టుతో బిగించాలి. పట్టీకి గొడుగు ఊచను ఎమ్-సీల్ పెట్టి, పైన తీగ చుట్టి కట్టండి. ఊచ లెన్సు కింద నుంచి ముందుకు సాగి, ఫోకస్ పడే దూరం దగ్గర ఆగాలి, ఫ్రేములో కనిపించకుండా కాస్త కిందకు ఉండాలి. ఆటోఫోకస్ ఆపేసి, లెన్సును 55 దగ్గర, అతి దగ్గరి దూరానికి తిప్పి వదిలేయండి. ఆ స్థితిలో స్కేలు మీద చూసుకుని ఊచ చివర కత్తిరిస్తే అదే మీ కొలత. చివర్న సైకిల్ వాల్వు ట్యూబు ముక్క తొడిగితే ఆకును చీల్చదు. పురుగు పక్కన నేల మీదో, కాండం మీదో ఆ కొనను తాకించి నొక్కడమే, వ్యూఫైండర్లో వెతుక్కునే పని కూడా తగ్గుతుంది. ఇది కొత్త తెలివేమీ కాదు. నీళ్లలో వాడే నికాన్ వారి నికోనోస్ కెమెరాలకు దగ్గరి ఫొటోల కోసం ముందు ఒక తీగ చట్రం బిగించేవారు. ఆ చట్రం లోపలికి చేపను తెస్తే ఫోకసూ ఫ్రేమూ రెండూ కుదిరినట్టే.

ఊచ కూడా లేకపోతే ఎడమ చెయ్యి ఉంది. కాండాన్ని ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేళ్ల మధ్య పట్టుకుని, లెన్సును అదే అరచేతి మీద ఆనించండి. గాలి వీచినా పువ్వూ కెమెరా ఒకే చేతి మీద ఉంటాయి. వేళ్లు జరుపుతూ ఫోకస్ చేసుకోవచ్చు. తూనీగ వాలిన పుల్లను ఇలా పట్టుకోవాలంటే మెల్లగా, కింద నుంచి చెయ్యి తేవాలి. పైనుంచి నీడ పడితే ఎగిరిపోతుంది.

బోల్టు గురించి ఒక మాట, ఇక్కడ తప్పు చేస్తే ఐదు వందలు కాదు, కెమెరా పోతుంది. ట్రైపాడ్ రంధ్రం పావంగుళం మర, అంగుళానికి 20 చుట్లు. మన హార్డ్‌వేర్ షాపుల్లో బోల్టు అనగానే చేతికిచ్చేది 6 ఎంఎం. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. 6 ఎంఎం బోల్టు కొంచెం సన్నం, మర దగ్గర దగ్గరగా ఉంటుంది, వదులుగా ఎక్కినట్టే ఎక్కి లోపలి మరను కొరికేస్తుంది. "క్వార్టర్ ఇంచి, ఇంచీల మర" అని గట్టిగా అడగండి. విజయనగరంలో గంటస్తంభం వైపు బజారుకు వెళ్లేటప్పుడు పాత ట్రైపాడ్ ప్లేటు జేబులో వేసుకెళ్తే, దానికున్న స్క్రూ చూపించి అలాంటిదే తీసుకోవచ్చు. రెండోది పొడవు. ఆ రంధ్రం లోతు ఐదు మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పట్టీ దాటి నాలుగు, నాలుగున్నరకు మించి బోల్టు పైకి రాకుండా వాషర్లు వేయండి. పొడవు బోల్టును బలంగా తిప్పితే కెమెరా అడుగును లోపలి నుంచి పగలగొడుతుంది. కెమెరాకూ పట్టీకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క వేస్తే జారదు, గీతలు పడవు.

నేల మీద పాకే వాటికి గింజల సంచి. పాత జీన్ ప్యాంటు కాలు మోకాలి కింద నుంచి అడుగు పొడవు కోసి, రెండు వైపులా కుట్టి, ముప్పాతిక వంతు నింపండి. నిండా నింపితే రాయిలా ఉండి కెమెరా దొర్లుతుంది. లోపల ఏం పోయాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. థర్మోకోల్ పూసలు తేలిక, కెమెరా బరువుకు సర్దుకుపోతూనే ఉంటాయి. ఇసుక బాగా కూర్చుంటుంది గాని కుట్టులోంచి కారి లెన్సు తిరిగే చోట దూరుతుంది. బియ్యం ఫర్వాలేదు. అన్నిటికన్నా చోళ్లు (రాగులు) మేలు. గింజ సన్నం, గుండ్రం, కెమెరా పెట్టి కొంచెం అదిమితే అచ్చు పడి అలాగే ఉంటుంది. కిలో సరిపోతుంది. వానాకాలంలో తడిస్తే ఎండలో ఆరబెట్టండి, ఎండు వేపాకు వేయండి, లేకపోతే మీరు తీయాల్సిన పురుగులు సంచిలోనే పుడతాయి.

మీకు ఆరుద్ర కార్తె గుర్తుండే ఉంటుంది, జూన్ చివర్లో. తొలకరి పడగానే ఎర్ర మఖమల్ గుడ్డ తుంచి వేసినట్టు ఆరుద్ర పురుగులు నేల మీద తిరుగుతాయి. పురుగు అంటాం గాని ఎనిమిది కాళ్లు, సాలీడు బంధువు. పిల్లలకు కీటకానికీ దీనికీ తేడా చూపించడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. అది ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, పైనుంచి తీస్తే ఎర్ర చుక్క తప్ప ఏమీ రాదు. సంచి నేల మీద వేసి, కెమెరాను దాని ఎత్తుకు దించి, అది నడిచే దారికి ముందు ఫోకస్ పెట్టి ఆగండి. అదే ఫోకస్‌లోకి నడిచి వస్తుంది. పట్టి డబ్బాలో వేయనివ్వకండి, అసలే ఏడాదికి కొన్ని రోజులే కనిపిస్తాయి.

తాడు ట్రైపాడ్ అని ఇంటర్నెట్‌లో అందరూ చెబుతారు. కెమెరా అడుగున బోల్టుకు తాడు కట్టి, రెండో చివర కాలితో తొక్కి, పైకి లాగి బిగువుగా పట్టుకోవడం. పైకీ కిందకీ వణుకును బాగానే ఆపుతుంది. స్టాండు వేయనివ్వని గుళ్లలో శిల్పాలు తీయడానికి నేనూ వాడతాను, సాగే తాడు కాకుండా నవారు ముక్క వాడతాను. క్లోజప్‌కు మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి. ముందుకీ వెనక్కీ ఊగడాన్ని అది అసలు ఆపదు, మీ అసలు జబ్బు అదే.

ఇక గాలి. మన కోస్తా జిల్లాల్లో ఎండెక్కే కొద్దీ సముద్రపు గాలి మొదలవుతుంది. సూర్యోదయం నుంచి ఒకటి రెండు గంటలు మాత్రం ఆకు కదలని రోజులు చాలా దొరుకుతాయి. నవంబరు నుంచి జనవరి దాకా ఆ వేళకు మంచు పడి, తూనీగలు రెక్కలు తడిసి, ఒళ్లు వేడెక్కక కదలకుండా ఉంటాయి కూడా. ఈ ఒక్క అలవాటు ఏ పరికరానికీ తీసిపోదు. కానీ బడి వేళల్లో మీకు అది ఎప్పుడూ కుదరదు. అందుకు మూడో చెయ్యి చేసుకోండి. మూరెడు పొడవు మందపాటి అల్యూమినియం తీగ కావాలి. ఇంటికి కరెంటు సర్వీసు లాగే వైరులోని తీగను ప్లాస్టిక్ తొడుగుతో సహా రెండు పేటలుగా మెలివేస్తే చాలు. వంచితే వంగుతుంది, వదిలితే అలాగే నిలబడుతుంది. జీఐ (జింకు పూత ఇనుప) తీగ వద్దు, స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది. ఒక చివర బట్టల క్లిప్పును సన్న తీగతో కట్టి, దాని దవడలకు స్పాంజి అంటించండి. రెండో చివరకు నేల మెత్తగా ఉంటే పదంగుళాల మేకు కట్టి గుచ్చవచ్చు. గట్టి నేల అయితే ఇంకో పెద్ద క్లిప్పుతో ట్రైపాడ్ కాలికే పట్టించండి. నాకు రెండోదే ఇష్టం, కారణం మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది: కాండం ట్రైపాడ్‌కు కట్టి ఉంటే పువ్వూ కెమెరా ఒకే జట్టు. కాండాన్ని పువ్వుకు నాలుగైదు అంగుళాల కింద పట్టుకోండి, పట్టు పైకి వెళ్లే కొద్దీ గాలి ఊపు తగ్గుతుంది గాని పురుగు భయపడుతుంది. గాలి వచ్చే వైపు ఒక గొడుగు తెరిచి నేల మీద పెడితే మిగిలిన ఊపు కూడా చాలావరకు పోతుంది. నల్ల గొడుగైతే వెనక నేపథ్యంగా కూడా పనికొస్తుంది.

పైవన్నీ చేసినా కాళ్లు ఆడించే చీమను ఆపలేరు. మామిడి, జీడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలను తీయాలంటే ఆపేది ఫ్లాషే. చాలామంది ఫ్లాషును వెలుతురు కోసం అనుకుంటారు. దగ్గరి ఫొటోల్లో అది వెలుతురు కన్నా షట్టర్‌గా ఎక్కువ పనిచేస్తుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, ఎఫ్/11, షట్టర్ 1/160 సెకను పెట్టి, ఫ్లాషు లేకుండా నీడలో ఒక ఫొటో తీయండి, దాదాపు నల్లగా రావాలి. ఇప్పుడు కెమెరా మీదున్న చిన్న ఫ్లాషు లేపి తీస్తే బొమ్మ అంతా ఆ మెరుపులోనే పడుతుంది. ఆ మెరుపు సెకనులో వెయ్యో వంతు దగ్గర, పవర్ తగ్గిస్తే ఇంకా చాలా తక్కువ సేపు ఉంటుంది. అంత సేపట్లో మీ చెయ్యీ చీమ కాలూ చెప్పుకోదగ్గంత కదలవు. చిక్కు ఏంటంటే లెన్సు నీడ కింద పడుతుంది, వెలుతురు కటువుగా ఉంటుంది. టిఫిన్ హోటళ్లలో ఒకప్పుడు ఇచ్చిన తెల్ల థర్మోకోల్ పళ్లెం (2022లో వీటిని నిషేధించారు, ఇంట్లో పాతది ఉంటే) మధ్యలో లెన్సు పట్టేంత రంధ్రం చేసి, లెన్సుకు తొడగండి. ఫ్లాషు వెనక నుంచి పళ్లేన్ని వెలిగిస్తుంది, పళ్లెం మొత్తం పెద్ద దీపంలా ముందుకు మెత్తటి వెలుతురు ఇస్తుంది. ఇది మీ సరంజామాలో అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపించేది. ఫోను వెనకుండే లైటు మాత్రం మెరుపు కాదు, సాగి వెలిగే దీపం. అది కదలికను ఆపదు.

బల్ల మీద తీసేవి ఉంటే, విత్తనాలు, ఈకలు, చనిపోయి దొరికిన పురుగులు, వాటికి సొరుగు ఛానల్ (సొరుగు జారే ఇనుప పట్టాలు) పనికొస్తుంది. వడ్రంగుల దగ్గర మిగిలిపోయిన పదంగుళాల జత అడగండి. రెండిటినీ ప్లైవుడ్ ముక్క మీద సమాంతరంగా బిగించి, పైన ఇంకో ముక్క, దాని మీద కెమెరా. కింది ముక్కకు ఒక నట్టును ఎమ్-సీల్‌తో కదలకుండా పట్టించి, అందులోంచి 6 ఎంఎం మర రాడ్డు పోనిస్తే, రాడ్డు కొన పై ముక్కను నెడుతుంది. 6 ఎంఎం రాడ్డు మర ఒక్క చుట్టుకు సరిగ్గా ఒక మిల్లీమీటరు జరుగుతుంది. పావు చుట్టు తిప్పితే పావు మిల్లీమీటరు. పై ముక్కను ఎప్పుడూ రాడ్డు వైపు లాగేటట్టు రెండు రబ్బరు బ్యాండ్లు కట్టండి, ఛానల్‌లో ఉండే లూజు అప్పుడు కనిపించదు. పావు చుట్టుకొక ఫొటో చొప్పున తీసి, కంప్యూటర్లో కలిపితే మొత్తం లోతు స్పష్టంగా వస్తుంది. హ్యూగిన్ అనే ప్రోగ్రాముతో వరస కుదిర్చి ఎన్‌ఫ్యూజ్ అనే దాంతో కలపవచ్చు, రెండూ ఉచితమే.

దీని మీద మొదట పొందూరు ఖద్దరు తీసి చూడండి. వంద కౌంటు నూలు పోగు మందం మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉంటుంది. బల్ల మీద మోచెయ్యి తగిలినా పోగు రెండుగా కనిపిస్తుంది, కాబట్టి మీ ఏర్పాటు ఎంత గట్టిదో అదే చెప్పేస్తుంది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని పాఠంలో చెప్పేటప్పుడు ఆ పోగు బొమ్మ తెర మీద ఉంటే పిల్లలు ఊరికే కూర్చోరు.

బటన్ నొక్కే వణుకుకు రిమోట్ కొనక్కర్లేదు. కెమెరాలో 2 సెకన్ల టైమర్ పెట్టండి, అద్దం ముందే లేపే ఏర్పాటు ఉంటే అదీ ఆన్ చేయండి. చాలా ఫోన్లలో వైరు ఇయర్‌ఫోను వాల్యూమ్ బటన్ నొక్కినా ఫొటో పడుతుంది.

మీరు చేసుకోవాల్సిన వరస నా లెక్కలో ఇలా ఉంటుంది: ఫోను డబ్బా, థర్మోకోల్ పళ్లెం ఈ ఆదివారమే. తర్వాత బోల్టు, ఊచ, మూడో చెయ్యి. గింజల సంచి ఆరుద్ర కార్తె లోపు. ఛానల్ పని వేసవి సెలవుల్లో పెట్టుకోండి, పిల్లలు కూడా చేతికొస్తారు. డబ్బు మిగిలితే లెన్సును తిరగేసి తగిలించే రింగు కొనండి, 18-55 తిరగేస్తే 1:1 దాటి దగ్గరకు వెళ్లొచ్చు. అది లెన్సు ముందున్న మర సైజును బట్టి, కెమెరా కంపెనీని బట్టి మారుతుంది. మీ కెమెరా మోడలు, లెన్సు ముందు వైపు సున్నా అడ్డంగా కొట్టిన గుర్తు పక్కన రాసి ఉన్న అంకె చెప్పండి, ఏ రింగు పడుతుందో, తిరగేశాక ఎపర్చర్ ఎలా మార్చుకోవాలో రాస్తాను.